పదహారు మెట్లు – పెరిగే పట్నం



మన రాజధాని పోర్ట్ లూయీ నగరానికి ఒక పక్క సముద్రం, మరొక పక్క కొండలు ఉన్నాయి. బొటనవేలు నిలబెట్టినట్లుండే లె పూస్ కొండను, శిఖరం మీద గుండ్రాయిని మోస్తున్న పీటర్ బోత్ కొండను మీరు బస్సులో నుండి ఎన్నోసార్లు చూసి ఉంటారు. ఈ కొండలకూ సముద్రానికీ నడుమనున్న ఇరుకైన నేల మీదే నౌకాశ్రయం, బజారు, కచేరీలు, బ్యాంకులు, గుళ్ళు, మసీదులు, బడులు, ఇళ్ళు అన్నీ ఇమిడి ఉన్నాయి.

ఫ్రెంచివారి కాలంలో, 1735లో గవర్నరుగా వచ్చిన మాహే ద లా బూర్దొన్నే ఈ రేవును పట్నంగా తీర్చిదిద్దడం మొదలుపెట్టాడు. 1810లో ఇంగ్లీషువారు దీవిని గెలుచుకున్నారు. నాటి నుండి నేటి వరకు పట్నం పెరుగుతూనే ఉన్నది. అయితే పక్కలకు జరగడానికి దానికి చోటు లేదు. కొత్తది కట్టాలంటే ఏదో ఒక పాతదానిని తొలగించాలి. ఇది ఎవరి దుర్మార్గమూ కాదు. ఇరుకు ఇంట్లో కొత్త మంచం వేయాలంటే పాత పెట్టెను ఎక్కడికో జరపవలసి వస్తుంది కదా! కాని ఆ పాత పెట్టెలో ఏమున్నదో తెరచి చూడకుండానే పారవేస్తే ఏమవుతుంది? ఈ పాఠంలో మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

సామూహిక జ్ఞాపకం అంటే ఏమిటి?

మీకు మీ చిన్ననాటి సంగతులు కొన్ని జ్ఞాపకం ఉంటాయి. అవి మీ సొంత జ్ఞాపకాలు. మీరు పుట్టక ముందు జరిగినవి కూడా కొన్ని మీకు తెలుసు. 1960లో కారోల్ తుఫాను వచ్చినప్పుడు ఇంటి రేకులు ఎలా ఎగిరిపోయాయో మీ తాతగారు చెప్పి ఉంటారు. మీరు ఆ గాలిని చూడలేదు. అయినా ఆ మాట మీ ఇంటిలో నిలిచిపోయింది. ఒక కుటుంబంలోనో, ఒక జాతిలోనో, ఒక దేశంలోనో అందరూ పంచుకుని, తరువాతి వారికి అప్పగించే ఇటువంటి జ్ఞాపకాన్ని సామూహిక జ్ఞాపకం అంటారు.

ఈ జ్ఞాపకం మూడు చోట్ల నిలుస్తుంది. మొదటిది మనుషుల నోట: కథలు, పాటలు, పండుగలు, మొక్కులు. రెండవది కాగితం మీద: రిజిస్టర్లు, ఉత్తరాలు, ఫోటోలు. మూడవది నేల మీద: కట్టడాలు, వీధులు, రేవులు. నోటి మాట మూడు నాలుగు తరాలకు మసకబారుతుంది. కాగితాన్ని చెదలు తింటాయి. రాయి ఎక్కువ కాలం నిలుస్తుంది, కాని బుల్డోజరు వస్తే ఒక్క పూటలో పోతుంది.

రేవు దగ్గరి డిపో

పోర్ట్ లూయీ నౌకాశ్రయంలో త్రూ ఫాన్‌ఫారోఁ అనే చిన్న అఖాతం ఉన్నది. దాని ఒడ్డున నల్లని రాతి గోడలు, ఒక ద్వారం, కొన్ని మెట్లు కనబడతాయి. ఆ మెట్లు పదహారు. ఇదే ఆప్రవాసీ ఘాట్.

దీని కథ చెప్పాలంటే ముందుగా బానిసల సంగతి చెప్పాలి. మన దీవిలో చెరకు తోటల పని ఆఫ్రికా, మడగాస్కర్ల నుండి బలవంతంగా తెచ్చిన బానిసలు చేసేవారు. 1835 ఫిబ్రవరి 1న ఇక్కడ బానిసత్వం రద్దయినది. తోటల యజమానులకు పనివారు కావలసి వచ్చారు. బానిసలకు బదులు ఒప్పందం మీద కూలీలను తెప్పించి పని చేయించవచ్చునా అని ఇంగ్లీషు ప్రభుత్వం పరీక్షించి చూడదలచింది. ఆ పరీక్షకు ఎన్నుకున్న చోటు మన దీవి.

1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది కూలీలు కలకత్తా నుండి వచ్చి పోర్ట్ లూయీలో దిగారు. ఆ తరువాత 1920 వరకు దాదాపు ఐదు లక్షల మంది వచ్చారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుండి, తరువాత మద్రాసు రేవు నుండి, కొందరు బొంబాయి నుండి ఓడ ఎక్కారు. ఇక్కడ జరిగిన పరీక్ష ఫలించిందని తలచి ఇంగ్లీషువారు ఈ పద్ధతినే గయానా, ట్రినిడాడ్, నేటాల్, ఫిజీ మొదలైన చోట్లకు కూడా వ్యాపింపజేశారు. అందువలన ఈ చిన్న రేవు కథ మన దీవి కథ మాత్రమే కాదు, లోకంలో చాలా దేశాల కథ.

1849లో ఈ రేవు ఒడ్డున వలస డిపో కట్టడం మొదలైనది. 1850ల చివరికి అది ఒకేసారి వెయ్యిమంది వరకు ఉండగలిగేటంత పెద్దదైనది. ఓడ దిగినవారిని డిపోలో ఉంచి, పేర్లు వ్రాసుకుని, వైద్యుడు పరీక్షించి, ఒక్కొక్కరికి ఒక సంఖ్య ఇచ్చేవారు. ఆసుపత్రి, వంటశాల, మరుగుదొడ్లు, సర్దార్ల గది, కావలివాని గది, వలస అధికారుల కచేరీ అన్నీ ఆ ప్రాంగణంలోనే ఉండేవి. తరువాత తోట యజమాని మనుషులు వచ్చి వారిని తమ తోటలకు తీసుకొనిపోయేవారు. తొలినాళ్ళ ఒప్పందం ఐదేళ్ళు. మగవారికి నెల జీతం ఐదు రూపాయలు, దానితో పాటు బియ్యం, పప్పు వంటి రేషన్లు. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసివేసే పద్ధతి కూడా ఉండేది.

మనవారు వచ్చిన త్రోవ

తెలుగువారు విశాఖపట్నం, గంజాం, గోదావరి ప్రాంతాల నుండి వచ్చారు. తొలినాళ్ళలో కొందరు గోదావరి ముఖద్వారం దగ్గరి కోరంగి రేవు నుండి బయలుదేరారు. ఆ కాలంలో కోరంగి ఓడలు కట్టే పెద్ద రేవు. 1839 నవంబరులో వచ్చిన తుఫానుకు ఉప్పెన పొంగి ఆ ఊరు చాలావరకు తుడిచిపెట్టుకొని పోయినది. నది తెచ్చిన ఇసుక మేట వేసినది. రేవు పని కాకినాడకు మారినది. ఇప్పుడు మీరు కోరంగికి వెళితే చూసేది మడ అడవులను, ఒక గ్రామాన్ని. మన వాళ్ళు కన్నీళ్ళతో ఓడ ఎక్కిన చోట చూపించడానికి ఒక మెట్టు కూడా మిగలలేదు.

అంటే, విద్యార్థులారా, ప్రయాణానికి ఆ చివర పోయినది. ఈ చివర మాత్రమే మిగిలినది. పోర్ట్ లూయీలోని ఈ పదహారు మెట్లకు మన విషయంలో ఇంత విలువ రావడానికి ఇది ఒక కారణం.

నేల మీద గుర్తులు పోయినా నోటి గుర్తులు కొన్ని నిలిచాయి. ఈ దీవిలో తెలుగు కుటుంబాలు సింహాద్రి అప్పన్నకు పూజ చేస్తాయి. సింహాచలం విశాఖపట్నం దగ్గర ఉన్నది. ఆ పూజ చేసే ఇంటి పెద్దకు తన పూర్వికుల ఊరి పేరు తెలియకపోవచ్చు. కాని ఆ దేవుని పేరే వారు ఏ దిక్కు నుండి వచ్చారో చెబుతున్నది. అమ్మోరు పండుగ, దీపం చుట్టూ తిరుగుతూ చేసే రామభజనం కూడా అటువంటివే. ఎవరూ పుస్తకంలో వ్రాసుకోలేదు. ఏటేటా చేస్తూ వచ్చారు కాబట్టి నిలిచినవి.

పేరు, సంఖ్య, కాగితం

డిపోలో వ్రాసిన రిజిస్టర్లలో ఒక్కొక్కరి పేరు, తండ్రి పేరు, వయస్సు, కులం, ఎత్తు, ఒంటి మీది పుట్టుమచ్చలు, ఊరు, జిల్లా, వచ్చిన ఓడ, చేరిన తోట వ్రాసి ఉంటాయి. వ్రాసినవారికి తెలుగు రాదు. చెప్పినవారికి ఇంగ్లీషు, ఫ్రెంచి రావు. అందుచేత చెవికి ఎలా వినబడితే అలా వ్రాశారు. మన పేర్ల అక్షరాలు అక్కడే మారిపోయాయి. పైగా అక్కడ వ్రాసిన సొంత పేరే తరువాతి తరాలకు ఇంటి పేరుగా మారింది. మీ ఇంటి పేరు నిజానికి ఏ ముత్తాతగారి పేరో! ఆంధ్రదేశంలోని మీ బంధువుల ఇంటి పేరు వేరుగా ఉండడానికి కారణం ఇదే.

ఈ రిజిస్టర్లు, ఫోటోలు మోకాలోని మహాత్మా గాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. ఆ సంస్థ 1970లో ఏర్పడినది. 2015లో యునెస్కో ఈ దస్తావేజులను ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. తమ పూర్వికుల వివరాలు కావలసినవారు అక్కడికి వెళ్ళి అడుగుతుంటారు. ఒకప్పుడు మనిషిని లెక్క పెట్టడానికి వ్రాసిన పుస్తకమే ఈనాడు మనిషికి తన వాళ్ళను తిరిగి ఇస్తున్నది.

రహదారి వచ్చింది

వలసలు ఆగిన తరువాత డిపోకు పని లేకుండా పోయినది. పని లేని కట్టడం మీద ఎవరి చూపూ నిలవదు. గోడలు కూలితే ఆ రాళ్ళను ఎత్తుకొని పోయేవారుంటారు. 1980లలో నగరం గుండా పెద్ద రహదారి వేసినప్పుడు డిపో స్థలంలో నుండి దానిని పోనిచ్చారు. మిగిలిన కట్టడాలలో మరికొన్ని అప్పుడు పోయాయి. నేడు మనం చూసేది అసలు డిపోలో చిన్న భాగం మాత్రమే. దాని విస్తీర్ణం 1,640 చదరపు మీటర్లు. మన ఫుట్‌బాల్ మైదానంలో నాలుగో వంతు కూడా ఉండదు.

ఆ రహదారి వేసినవారిని తిట్టడం సులభం. కాని ఆలోచించండి. ఉదయం ఉత్తరాది ఊళ్ళ నుండి, దక్షిణాది ఊళ్ళ నుండి వేలమంది పోర్ట్ లూయీకి పనికి వస్తారు. కొండకూ సముద్రానికీ నడుమ దారి ఒక్కటే. ఆ దారి లేకపోతే మీ నాన్నగారు సాయంత్రం ఇంటికి చేరడానికి ఎంత సేపు పట్టేది? మన దేశం 1968లో స్వతంత్రమైనప్పుడు చేతిలో ఉన్నది చెరకు ఒక్కటే. తరువాత ఫ్యాక్టరీలు, పర్యాటకం, బ్యాంకులు పెరిగాయి. వాటికి రోడ్లు, రేవులు, మేడలు కావలసి వచ్చాయి. 1980లో పంచదారను బస్తాలు లేకుండా నేరుగా ఓడలలో నింపే టెర్మినల్ రావడంతో గోనె బస్తాలు మోసే రేవు కూలీల పని తగ్గిపోయినది. 1996లో కోడాన్ వాటర్‌ఫ్రంట్ తెరిచిన తరువాత ఓడల సరుకు దిగిన ఒడ్డున అంగళ్ళు, సినిమా హాళ్ళు వచ్చాయి. మనలో అక్కడికి సరదాగా వెళ్ళని వారు ఎవరు?

ఇళ్ళ సంగతీ అంతే. మన పాతకాలపు ఇళ్ళు కర్రతో, రేకులతో కట్టినవి. చూడడానికి ఎంతో అందంగా ఉండేవి. కారోల్ తుఫాను తరువాత జనం సిమెంటు ఇళ్ళు కట్టుకున్నారు. అది తాతల మీద అగౌరవంతో చేసిన పని కాదు. పిల్లలు గాలివానలో భద్రంగా నిద్రపోవాలని చేసిన పని. అభివృద్ధిని మాట్లాడేవారు ఈ సంగతులు చెప్పినప్పుడు మనం వినాలి.

అయితే మనం వారిని ఒక మాట అడగాలి. రోడ్డుకు దారి ఇవ్వవలసి వచ్చినప్పుడు ఎప్పుడూ పేదవాని గుర్తే ఎందుకు ముందు పోతుంది? గవర్నరు భవనం మీద నుండి రోడ్డు వేయాలని ఎవరికీ తోచలేదు. కూలీలు దిగిన చోటు మీద నుండి వేయవచ్చునని తోచింది. ఆ కట్టడానికి అప్పుడు విలువ కట్టేవారు తక్కువ. అదీ అసలు కారణం.

కూలీ ఘాట్ – ఆప్రవాసీ ఘాట్

ఇందులో మన వైపు లోపం కూడా కొంత ఉన్నది. ఆ స్థలాన్ని చాలాకాలం కూలీ ఘాట్ అనేవారు. కూలీ అన్న మాట ఇక్కడ తిట్టుగా మారిపోయినది. చదువుకొని, ఉద్యోగం సంపాదించి, పైకి వచ్చిన కుటుంబాలు ఆ మాటను మరచిపోవాలనుకున్నాయి. పెద్దలు తమ పిల్లలకు పూర్వం పడిన పాట్లు చెప్పలేదు. చెప్పడానికి సిగ్గుపడ్డారు. సిగ్గుపడిన చోటును కాపాడాలని ఎవరు అడుగుతారు?

అడిగినవారిలో ముఖ్యుడు బిక్రంసింగ్ రామ్‌లాల్లా. ఆయన 1954లో మారిషస్ టైమ్స్ పత్రికను స్థాపించిన పాత్రికేయుడు. ఈ శిథిలాలు మన దేశ చరిత్రకు మూలమని ఆయన పదేపదే చెప్పాడు, జనాన్ని అక్కడికి రప్పించాడు. 1970లో భారత ప్రధాని ఇందిరా గాంధీ మన దేశానికి వచ్చినప్పుడు ఈ చోటును చూడడం వలన కూడా దాని మీదికి నలుగురి దృష్టి మళ్ళింది. 1987లో దీనిని జాతీయ స్మారకంగా ప్రకటించి, ఆప్రవాసీ ఘాట్ అని పేరు మార్చారు. ఆప్రవాసి అంటే వేరే దేశం నుండి వచ్చి స్థిరపడినవాడు. 2001లో దీని సంరక్షణకు ప్రత్యేకంగా ఒక ట్రస్టు నిధి ఏర్పడినది. 2006లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికలో చేర్చింది. మన దేశం నుండి ఆ పట్టికకు ఎక్కిన మొదటి స్థలం ఇదే. 2014లో ఇక్కడే రామ్‌లాల్లా పేరుతో ఒక వివరణ కేంద్రం తెరిచారు. నవంబరు 2వ తేదీ మనకు సెలవు దినం. ఆ రోజున ఈ మెట్ల దగ్గర దేశ నాయకులు పూలు ఉంచి నమస్కరిస్తారు.

గమనించండి. అవే రాళ్ళు. 1980లలో అడ్డుగా కనిపించినవి 2006 నాటికి లోకానికి గౌరవమైనవి. రాయి మారలేదు. చూసే కన్ను మారినది.

రాయి, సున్నం

పాత కట్టడాన్ని కాపాడడం అంటే దానికి కొత్త రంగు వేయడం కాదు. ఘాట్ గోడలు మన దీవిలోని నల్ల అగ్నిశిలతో, సున్నపు గారతో కట్టినవి. సముద్రపు గాలిలోని ఉప్పు, వాన తడి గోడలోనికి చేరుతుంటాయి. సున్నపు గార మెత్తనిది. ఆ తడిని లోపల బంధించదు, మెల్లగా బయటికి పోనిస్తుంది. సిమెంటు గట్టిది, తడిని లోపలే పట్టి ఉంచుతుంది. అప్పుడు ఉప్పు గోడలోనే పేరుకొని కట్టడాన్ని పాడు చేస్తుంది. అందుకే ఇక్కడ వెనుక చేసిన మరమ్మతులలోని సిమెంటును తీసి, మళ్ళీ సున్నంతోనే పని చేశారు. మంచి మనసుతో చేసిన మరమ్మతు కూడా తెలివి లేకపోతే హాని చేస్తుందని దీనివలన తెలుసుకోవాలి.

పురాతత్త్వ శాస్త్రజ్ఞులు అక్కడ నేలను జాగ్రత్తగా తవ్వి, పునాదులను, వాడి పారేసిన వస్తువులను వెలికి తీశారు. పగిలిన ఒక పెంకు కూడా ఒక సంగతి చెబుతుంది. తవ్వక ముందే రోడ్డు వేస్తే ఆ సంగతి ఎన్నటికీ తెలియదు.

రక్షణ వలయం

ఒక రత్నాన్ని మాత్రమే కాపాడి, దాని చుట్టూ ఎత్తైన గోడలు కడితే అది కనబడుతుందా? అందుకే ఘాట్ చుట్టూ రక్షణ వలయాలు గీశారు. 2011 నుండి ఆ వలయాలలో ఏమి కట్టవచ్చు, ఎలా కట్టవచ్చు అనే దానికి ప్రత్యేక నియమాలు ఉన్నాయి. అక్కడ పాత గిడ్డంగులు, రాతి దుకాణాలు, చిన్న వీధులు ఉన్నాయి. డిపో నుండి బయటికి వచ్చిన కూలీలు మొదట నడచిన వీధులు అవే.

అసలు చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఘాట్ ప్రభుత్వానిది. వలయంలోని దుకాణాలు, ఇళ్ళు చాలావరకు సొంతదారులవి. పాత రాతి దుకాణం యజమాని ఇలా అంటాడు: “నా పక్కవాడు పది అంతస్తులు కట్టి అద్దెలు తీసుకుంటున్నాడు. నన్ను మాత్రం మా తాత కట్టినది ముట్టుకోవద్దంటారు. కప్పు కారితే బాగు చేయడానికి డబ్బు ఎవరిస్తారు?” ఈ మాటకు జవాబు లేకుండా వారసత్వ పరిరక్షణ సాగదు. అతనికి సాయం చేయకపోతే అతడు గోడను పడగొట్టడు, ఊరికే వదిలేస్తాడు. నాలుగు వానాకాలాలకు అదే పడిపోతుంది.

మెట్రో రైలు సంగతి కూడా చూడండి. మన దీవిలో 1864లో మొదలైన పాత రైలు 1964లో ఆగిపోయినది. విక్టోరియా స్టేషను బస్సుల నిలయంగా మారింది. మళ్ళీ 2020 జనవరి నాటికి కొత్త మెట్రో పోర్ట్ లూయీ చేరి ప్రయాణికులను ఎక్కించుకున్నది. తరువాత దానిని ఘాట్ వైపుకు పొడిగించారు. ఒక స్టేషనుకు ఆప్రవాసీ ఘాట్ పేరే పెట్టారు. రైలు వస్తే కార్లు తగ్గుతాయి, చూడడానికి వచ్చేవారు పెరుగుతారు, ఇది మేలు. కాని పట్టాలు, స్టేషను, బస్సుల టెర్మినల్, వాటితో వచ్చే మేడలు ఘాట్ పరిసరాలను కమ్మివేస్తాయేమోనన్న భయం కూడా ఉన్నది. కాబట్టి ఇటువంటి పనికి ముందు దానివలన వారసత్వానికి ఏ హాని కలుగుతుందో లెక్క కట్టి చూడడం అవసరం. కట్టిన తరువాత కాదు, గీత గీసే నాడే అడగాలి.

ఎవరి జ్ఞాపకం?

ఘాట్ మన పూర్వికులది అని మనం గర్వపడతాము. అయితే పోర్ట్ లూయీ మన ఒక్కరిదే కాదు. ఘాట్‌కు కొద్ది దూరంలోనే ఫ్రెంచివారి కాలంనాటి సైనిక ఆసుపత్రి ఉన్నది. బానిసల చెమట పడిన కట్టడం అది. ఇప్పుడు అందులో బానిసత్వాన్ని గురించిన ప్రదర్శనశాల వెలసినది. 2008లో ప్రపంచ వారసత్వ పట్టికకు ఎక్కిన లె మోర్న్ కొండ పారిపోయిన బానిసలు తలదాచుకున్న చోటు. అదే నగరంలో చైనావారి వీధి, వారి గుడి, జుమ్మా మసీదు ఉన్నాయి. చైనావారి వీధిలో పాత కర్ర మేడను పడగొడితే అది వారి దుఃఖం మాత్రమే కాదు. మన మెట్లను కాపాడమని వారు మనతో నిలబడాలంటే, వారి మేడ కోసం మనమూ నిలబడాలి.

దుఃఖపు చోటును ఎందుకు కాపాడాలని కొందరు అడుగుతారు. దుఃఖాన్ని పూజించడానికి కాదు. ఆ మెట్లు ఎక్కినవారిలో చాలామందికి చదువు లేదు, ఇక్కడి భాష రాదు. అయినా వారు తమ పిల్లలను బ్రతికించారు, రాళ్ళు ఏరి చెరకు పండించారు, సాయంత్రం బైఠకలలో అక్షరాలు నేర్పించారు. మీరు ఈ రోజు ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పుస్తకం తెరచి చదువుతున్నారంటే ఆ దారి ఆ మెట్ల దగ్గర మొదలైనది. పట్నం పెరగాలి. మీకు ఉద్యోగాలు అక్కడే దొరకాలి. కాని పదో అంతస్తు కిటికీ నుండి కిందికి చూసినప్పుడు ఆ మెట్లు కనబడేటట్లు ఉండాలి.

మీరు చేయవలసిన పని

నవంబరు 2వ తేదీకి ముందు మీ ఇంటిలో అందరికంటె పెద్దవారి దగ్గర కూర్చోండి. తాతగారిని, నాయనమ్మను, అమ్మమ్మను అడగండి. వారి తాతగారి పేరు, పని చేసిన తోట పేరు, ఇంటిలో చెప్పుకున్న ఊరి పేరు తెలుగులో వ్రాసుకోండి. ఊరి పేరు సరిగా తెలియకపోతే వారు పలికినట్లే వ్రాయండి. ఇంటిలో పాత టిక్కెట్టు, ఫోటో, ఇత్తడి చెంబు ఉంటే దాని బొమ్మ గీయండి. కట్టడాలను కాపాడడానికి ప్రభుత్వం ఉన్నది. ముసలివారి మాటను కాపాడడానికి మీరు తప్ప వేరెవరూ లేరు.

కఠిన పదాలకు అర్థాలు

అఖాతం = భూమిలోనికి చొచ్చుకొని వచ్చిన సముద్ర భాగం
ఉప్పెన = తుఫాను వేళ ఊళ్ళ మీదికి పొంగే సముద్రపు నీరు
ఒప్పందం = ఇన్నేళ్ళు ఇంత జీతానికి పని చేస్తానన్న కట్టుబాటు
గార = గోడ కట్టడానికి, పూయడానికి వాడే సున్నం, ఇసుకల ముద్ద
దస్తావేజు = వ్రాతపూర్వకమైన పాత పత్రం
పరిరక్షణ = చెడిపోకుండా కాపాడడం
పూర్వికులు = మనకు ముందు తరాలవారు
మేట = నీటి వలన పేరుకున్న ఇసుక, ఒండ్రు
వారసత్వం = పెద్దల నుండి మనకు వచ్చినది
శిథిలం = పాడుపడిన కట్టడం

ప్రశ్నలు

1. పోర్ట్ లూయీలో కొత్త కట్టడాలకు పాతవాటిని తొలగించవలసి రావడానికి నేల స్వభావం ఎలా కారణమైనది?
2. జ్ఞాపకం నిలిచే మూడు చోట్లు ఏవి? ఒక్కొక్కదానికి మీ ఇంటి నుండి ఒక ఉదాహరణ ఇవ్వండి.
3. కోరంగి రేవుకు ఏమి జరిగినది? దానివలన ఆప్రవాసీ ఘాట్ విలువ ఎందుకు పెరిగినది?
4. పాత గోడలకు సిమెంటు కంటె సున్నం ఎందుకు మేలు?
5. “రాయి మారలేదు. చూసే కన్ను మారినది.” ఈ మాటను మీ సొంత మాటలలో వివరించండి.
6. రక్షణ వలయంలోని దుకాణం యజమానికి మీరు ఏమని జవాబు చెబుతారు?

భాషాభ్యాసం

కింది సమాసాలను గమనించండి.
పదహారు మెట్లు – సంఖ్య ముందున్నది కాబట్టి ద్విగు సమాసం.
సముద్రతీరం – సముద్రం యొక్క తీరం, షష్ఠీ తత్పురుష సమాసం.
తల్లిదండ్రులు – తల్లియు తండ్రియు, ద్వంద్వ సమాసం.
పాఠంలో నుండి ఇటువంటివి మరి మూడు ఏరి వ్రాయండి.

తరగతిలో చర్చ

తరగతి రెండు జట్లుగా విడిపోవాలి. ఒక జట్టు “పాత గిడ్డంగిని తీసి బస్సుల నిలయం కట్టాలి” అని వాదించాలి. రెండవ జట్టు “గిడ్డంగిని ఉంచాలి” అని వాదించాలి. పది నిమిషాల తరువాత జట్లు తమ పక్షాలను మార్చుకొని మళ్ళీ వాదించాలి. చివర రెండు జట్లూ కలిసి, బస్సూ గిడ్డంగీ రెండూ నిలిచే ఒక పథకాన్ని పది వాక్యాలలో వ్రాసి గోడ మీద అంటించండి.